తాబేలు తెచ్చిన మనశ్శాంతి

కుక్కను పెంచుకొనేవారిని చూచి ఎవరూ ఆశ్చర్యపడరు. పిల్లి సంగతీ అంతే. ఆవు, మేక, కోడి మన పల్లెటూరి కుటుంబాలలో సభ్యుల వంటివే. కాని ఎవరైనా వచ్చి, "మా ఇంట్లో తొండను పెంచుతున్నాము, దానివల్ల మాకు మనశ్శాంతిగా ఉన్నది" అంటే మనము ఏమంటాము? ముందు నవ్వుతాము. తరువాత ఆ మనిషికి నిజంగానే మనసు బాగాలేదేమోనని సందేహిస్తాము. బల్లి భుజం మీద పడితే పంచాంగం తీసి ఫలం చూచుకొని, తలస్నానం చేసి దీపం వెలిగించేవాళ్లము గదా మనము!

అయినా ఈ మాట ఇప్పుడు మన గడప దాకా వచ్చింది. బేరిగై సరిహద్దు ఊరు. ఊరు దాటి కొంచెం పోతే కన్నడ దేశం, మాలూరు తాలూకా. ఇటు బాగలూరు మీదుగా హోసూరు, అక్కడనుంచి బెంగుళూరు. బెంగుళూరులో పుట్టిన కొత్త అలవాటు ఏదైనా సరే, అక్కడ ఉద్యోగాలు చేసుకొనే మన పిల్లల వెంట ఆరు నెలలు తిరగకుండా మన ఊళ్లకు వచ్చేస్తుంది. ఇప్పుడు వచ్చిన అలవాటు సరీసృపాలను, అంటే తాబేళ్లు, బల్లులు, పాములు మొదలైన పాకే జీవులను ఇంట్లో పెంచుకోవడం. ఒక గాజుపెట్టెలో ఇగువానా అనే పెద్ద పచ్చతొండ. మరొక పెట్టెలో ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువ. నీటితొట్టిలో చెవి దగ్గర ఎర్రచార గల తాబేలు. "పగలంతా కంప్యూటరు ముందు కూర్చొని వచ్చి, దీని ముందు అరగంట కూర్చొంటే తల తేలికపడుతుంది" అని ఆ పిల్లలు చెబుతారు.

ఈ మాటలో నిజమెంత, భ్రమ ఎంత? ఈ ప్రశ్న మాకు కాలక్షేపానికి పుట్టలేదు. మా ఇంట్లోనే తేల్చుకోవలసి వచ్చింది. అందుచేత ముందు ఆ సంగతి మనవి చేసుకొని, పిమ్మట పెద్దలు, శాస్త్రజ్ఞులు ఏమన్నారో చెబుతాము.

మా ఇంటి సంగతి

అవ్వ పోయిన తరువాత మా తాత మాట్లాడడం మానేశాడు. ఏడ్చిందీ లేదు, విసుక్కొన్నదీ లేదు. పిలిస్తే పలికేవాడు, పెడితే రెండు ముద్దలు తినేవాడు. చలికాలంలో అనపగింజల చారు, రాగిసంగటి అంటే ప్రాణం పెట్టే మనిషి, కంచం ముందు కూర్చొని గోడను చూచేవాడు. అరవై ఏళ్లు చేనూ చెలకా తప్ప మరొకటి ఎరుగని మనిషి చేను వైపు పోవడమే మానుకొన్నాడు. వయసు మీద పడింది, అంతేలే అని మేమందరమూ సర్దుకొన్నాము. అలా సర్దుకోవడం మా తప్పు అని తరువాత తెలిసింది.

ఆ రోజులలోనే చిత్తూరు వైపునుంచి మా ఇంటికి వచ్చిన బంధువు ఒకరు గంపలో గోనెపట్ట కప్పి ఒక తాబేలును తెచ్చారు. పిడికెడంత ఉంటుంది. నల్లని డిప్ప మీద పసుపుపచ్చని గీతలు, ఒక్కొక్క బొడిపె మీదనుంచి నక్షత్రపు కిరణాలలాగా విచ్చుకొని ఉన్నవి. నక్షత్ర తాబేలు అంటారు దానిని. ఇంట్లో ఉంటే కలిసివస్తుందని ఆయన నమ్మకం. తెచ్చి తాత ముందు పెట్టారు. తాత దానిని చాలాసేపు చూచి, "దీన్ని యాడ పెట్టేది? ఇది ఏం తింటాది?" అన్నాడు. ఎన్నో వారాల తరువాత ఆయన తనంతట తాను అడిగిన మొదటి మాట అది.

మరునాటినుంచి తాతకు పని దొరికింది. తెల్లవారగానే దానిని ఎండలో విడవాలి. గరిక కోయాలి. నాగజెముడు ముళ్లు గీకి ముక్కలు చేయాలి. రాలిన మందారపూలు ఏరాలి. చిప్పలో నీళ్లు మార్చాలి. తాబేలు తొందరపడదు, తాతా తొందరపడడు. అది తల బయట పెట్టి, నాలుగు దిక్కులూ పరకాయించి, ఒక పువ్వును కొరికి నమిలేసరికి మనకైతే ఓపిక చచ్చిపోతుంది. తాత మాత్రం కన్నార్పకుండా చూచేవాడు. "చూడ్రా అబ్బోడా, ఈ పొద్దు ఎర్రపువ్వే తినింది, తెల్లది ముట్టలేదు" అని మనుమడిని పిలిచి చెప్పేవాడు. రెండు నెలలు తిరిగేసరికి కంచంలో సంగటి మిగలడం మానింది.

ఇది మా కళ్లతో చూచినది. కాబట్టి పాకే జీవి వలన మనసుకు మేలు కలుగుతుందంటే మేము ఇప్పుడు నవ్వము.

శాస్త్రజ్ఞులు ఏమంటారు?

ఇటువంటి సంగతులను పరీక్షించి చూచినవారు లోకంలో ఉన్నారు. 2003 లో ఇజ్రాయేలు దేశపు పరిశోధకులు ఒక చిత్రమైన పరీక్ష ఫలితాలు ప్రకటించారు. 58 మందిని పిలిచి, వారికి ఒక పెద్ద విషపు సాలెపురుగును చూపి, దానిని చేత పట్టుకోవలసి రావచ్చునని చెప్పారు. సహజంగానే అందరికీ గుండె దడ పుట్టింది. అప్పుడు వారిని వేరువేరు జట్లుగా చేసి, కొందరికి కుందేలును, కొందరికి తాబేలును, కొందరికి బొమ్మ కుందేలును, కొందరికి బొమ్మ తాబేలును ఇచ్చి నిమరమన్నారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. ప్రాణమున్న జీవిని నిమిరినవారికి ఆందోళన తగ్గింది. బొమ్మను నిమిరినవారికి తగ్గలేదు. మెత్తని బొచ్చు గల కుందేలూ, రాయివంటి డిప్ప గల తాబేలూ రెండూ ఆ పనికి ఉపకరించాయి. అంటే హాయి ఉన్నది బొచ్చులో కాదు, ఎదుట ఒక ప్రాణి ఉన్నదన్న స్పృహలో అన్నమాట.

కొరియా దేశంలో మరొక అడుగు ముందుకు వేశారు. 65 ఏళ్లు దాటిన 94 మంది వృద్ధులను రెండు జట్లు చేసి, ఒక జట్టువారికి పంజరంలో కీచురాళ్లను ఇచ్చి ఎనిమిది వారాలు సాకమన్నారు. తూర్పు దేశాలలో కీచురాయి పాట కోసం దానిని పెంచడం పాత అలవాటే. ఎనిమిది వారాల తరువాత చూస్తే, కీచురాళ్లను సాకినవారిలో దిగులు కొంత తగ్గినట్టు కనిపించింది. ఈ ఫలితాలు 2016 లో వెలువడ్డాయి. కీచురాయి తోక ఆడించదు, ఒడిలో పడుకోదు, యజమానిని గుర్తుపట్టదు. అయినా దానికి మేత వేయాలి, నీరు పెట్టాలి అన్న చిన్న బాధ్యత ఆ ముసలివారికి మేలు చేసింది.

ఇవి చిన్న పరీక్షలు. వీటిని చూచి తాబేలే మందు, బల్లే వైద్యుడు అనుకోరాదు. జంతువులను పెంచేవారందరూ పెంచనివారికంటె సుఖంగా ఉన్నారని కూడా రుజువు కాలేదు. ఇంటి నిండా కుక్కలున్నా దిగులుతో ఉన్నవారిని మనము ఎరుగుదుము. మనసుకు నిజంగా జబ్బు చేసినప్పుడు వైద్యుని దగ్గరకు పోవలసినదే. మనకు బెంగుళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రి దూరాభారం కాదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ అనే సేవ ఉన్నది. 14416 అంకెకు ఫోను చేస్తే తెలుగులో కూడా మాట్లాడుతారు. మా తాత విషయంలో మేము ఆ పని తొలి నెలలోనే చేసి ఉండవలసింది. తాబేలు రావడం మా అదృష్టం. వైద్యుని అడగకపోవడం మా అజ్ఞానం.

అయితే పాకే జీవిలో ప్రత్యేకత ఏమిటి? కుక్క మన ప్రేమను అడుగుతుంది, మనకు ప్రేమను ఇస్తుంది. తాబేలు ఏమీ అడగదు. మన ముఖం వాడి ఉన్నదా, వెలుగుతున్నదా అని చూడదు. "ఎట్లున్నావు, తిన్నావా, ఎందుకట్లా ఉన్నావు" అన్న పరామర్శలతో వేసారిన మనిషికి, ఏమీ అడగని జీవి దగ్గర కూర్చోవడం ఒక విశ్రాంతి. పైగా దాని ఒంటిలో వేడి దానంతట అది పుట్టదు. ఎండ తగిలితేనే దానికి చలనం. అందుచేత దానిని సాకేవాడు కూడా పొద్దుపొడుపుతో లేవాలి, ఎండలోకి రావాలి, నీడ ఎటు జరిగిందో చూచుకోవాలి. గదిలో ముడుచుకొన్న మనిషిని ఎండలోకి లాగడానికి ఇంతకంటె మంచి ఉపాయం ఏమున్నది?

మన పెద్దలు ఈ జీవిని ఊరికే పూజించలేదనిపిస్తుంది. భగవద్గీతలో స్థితప్రజ్ఞుని గూర్చి చెప్పే ఘట్టంలో ఇంద్రియనిగ్రహానికి పోలికగా చూపినది తాబేలునే. శ్రీకాకుళం దగ్గరి శ్రీకూర్మంలో విష్ణువు కూర్మరూపంలో పూజలందుకొంటున్నాడు. ఆ ఆలయ ఆవరణలో నక్షత్ర తాబేళ్లను సాకుతూ వచ్చారు. మన పల్లెలలో పాత దిగుడుబావులలో తాబేలును వదలడం కూడా ఉండేది. బావిలో తాబేలు తల పైకెత్తితే చూడాలని గట్టు మీద వంగి చీవాట్లు తిన్న జ్ఞాపకం మనలో పెద్దలకు చాలామందికి ఉండి ఉంటుంది.

తాబేలు వైపునుంచి

ఇంతవరకు చెప్పినది మనిషి లాభం. ఇక రెండవ పక్షం వినాలి.

మూడవ నెలలో మా తాబేలు ఒక వింత పని మొదలుపెట్టింది. పెరటి గోడ మూలకు పోయి గోడను ఆనుకొని అటునుంచి ఇటు, ఇటునుంచి అటు తిరిగేది. మేత పెట్టినా ఆగేది కాదు. దాని ముక్కు కొన గోడకు గీసుకొని తెల్లబడింది. జబ్బేమో అనుకొన్నాము. తాత రెండు రోజులు దానినే చూచి, మూడవ నాడు, "దీనికి జబ్బు లేదు. దోవ ఎతుకుతా ఉండాది" అన్నాడు.

ఆ తరువాత మేము చదివిన ఒక సంగతి ఈ మాటను గట్టిపరచింది. అమెరికాలో వాషింగ్టన్ నగరపు జాతీయ జంతుప్రదర్శనశాలలో పిగ్‌ఫేస్ అనే ముద్దుపేరు గల ఆఫ్రికా జాతి మెత్తడిప్ప తాబేలు ఒకటి దశాబ్దాల తరబడి ఒంటరిగా ఉండేది. అది తన గోళ్లతో తన మెడనే చీరుకొనేది, తన కాళ్లనే కొరుక్కొనేది. అధికారులు దాని తొట్టిలో బంతులు, కట్టెలు, వలయాలు వేసి చూచారు. అది వాటిని ముక్కుతో నెడుతూ, తరుముతూ ఆడుకోవడం మొదలుపెట్టింది. తన ఒంటిని గాయపరచుకోవడం బాగా తగ్గింది. గోర్డన్ బర్గార్ట్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1996 లో దీనిని గూర్చి వ్రాశారు. పాకే జీవికి మనసేమిటి అని నవ్వేవారికి ఇది జవాబు. మనకు మనశ్శాంతి కావాలని పెట్టెలో పెట్టిన ప్రాణికి కూడా అశాంతి కలుగగలదు. అది అరవదు, మూలగదు. కాబట్టి మనకు తెలియదు, అంతే.

చట్టం, సంత

ఇంతలో మా చేతికి మరొక నిజం వచ్చింది. నక్షత్ర తాబేలును ఇంట్లో ఉంచుకోవడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మన దేశపు అడవి జీవులను పట్టడం, అమ్మడం, పెంచడం నిషేధించింది. ఆ చట్టానికి 2022 లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. నక్షత్ర తాబేలు మొదటి పట్టికకు ఎక్కింది. ఆ పట్టికలోని జీవి విషయమై నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల వరకు ఖైదు; 25,000 రూపాయలకు తగ్గకుండా జరిమానా.

ఇంత కఠినం ఎందుకని అడగవచ్చు. కారణం మన చుట్టుపట్లనే ఉన్నది. నక్షత్ర తాబేలు పొదలు, గరిక ఉండే మెట్టనేలల జీవి. అటువంటి నేలలు రాయలసీమలోనూ, కోలారు వైపునా, మన వైపునా ఉన్నవి. పొలాల గట్ల మీద దొరికిన పిల్లలను కొద్ది డబ్బుకు కొని, మూటలు కట్టి, చెన్నై వంటి రేవులనుంచి, విమానాశ్రయాలనుంచి ఆగ్నేయాసియా దేశాలకు దొంగతనంగా పంపుతారు. మన దేశంలో ఒకే ఒక వ్యాపార కేంద్రానికి ఏడాదిలో కనీసం 55,000 తాబేళ్లు చేరినట్లు 2015 లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. ఈ దందా కారణంగానే 2019 లో లోకదేశాలన్నీ కూడి ఈ తాబేలు వ్యాపారాన్ని అంతర్జాతీయంగా నిషేధించే పట్టికలో చేర్చాయి. అంతకు ముందు ఏడు, 2018 నవంబరులో, సింగపూరులో పట్టుబడిన 51 నక్షత్ర తాబేళ్లను విమానంలో బెంగుళూరుకు తిరిగి తెచ్చారు. మూటలో పోయినవి వేలు; తిరిగి వచ్చినవి యాభై ఒకటి!

ఇదే సందర్భంలో రెండుతలల పాము మాట కూడా చెప్పాలి. దానికి రెండు తలలు లేవు. తోక మొండిగా ఉండి తలలాగా కనిపిస్తుంది. విషం లేని సాధుజీవి. నేలలో దూరి ఎలుకలను తింటుంది. అది ఇంట్లో ఉంటే లక్షలు కురుస్తాయని నమ్మించి అమ్మేవారు మన జిల్లాలో, ఇరుగుపొరుగు జిల్లాలలో పదే పదే పట్టుబడుతున్నారు. కొన్నవారికి కురిసిన లక్షలు లేవు. కోర్టు ఖర్చులు మాత్రం ఉన్నవి. మనశ్శాంతి కోసం కొన్నది పోలీసు భయం తెచ్చిపెడితే ఇక శాంతి ఎక్కడిది?

దోవ దొరికింది

ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. తాబేలును ఇచ్చివేస్తే తాత మళ్లీ మూలపడతాడని కొందరు. చట్టం చట్టమేనని కొందరు. ఎవరికీ తెలియకుండా ఉంచుకొందాములే అన్నవారు కూడా లేకపోలేదు. ఎవరూ తాతను అడగలేదు. ఆయనే లోపలినుంచి వచ్చి, "నాకు తోడు కావాలని దాన్ని ఒంటిదాన్ని చేసినాము. అది గోడకు ముక్కు రాచుకొంటా ఉంటే నాకు కూడు ఎట్ల దిగతాది?" అన్నాడు. చర్చ అంతటితో ముగిసింది.

భయపడుతూనే పోయి అటవీశాఖవారికి అప్పగించాము. అడిగినవన్నీ దాచకుండా చెప్పాము. మనమే తీసుకొనిపోయి ఏ పొదలోనో వదిలితే సరిపోతుంది గదా అని అనిపించింది గాని, అది సరికాదట. ఒక చోటి తాబేలును మరొక చోట వదిలితే అది బ్రతుకుతుందన్న నమ్మకం లేదు. మనుషుల మధ్య అంటిన రోగాలను అడవిలోని తాబేళ్లకు అంటించవచ్చును కూడా. పరీక్షించి, తగిన చోట వదలడం తెలిసినవారి పని.

ఆ తరువాత వారం రోజులు ఇల్లు బావురుమన్నది. మేము భయపడినంతా జరిగిందనే అనుకొన్నాము. ఎనిమిదవ నాటి ఉదయం తాత ఎప్పటి వేళకే లేచి, ఎప్పటి రాతి మీదనే ఎండలో కూర్చొన్నాడు. కాళ్లు అలవాటు చొప్పున తీసుకొని వచ్చాయి కాబోలు. ఎదుట కంచె మీద ఒక తొండ. అది అక్కడ ఏనాటినుంచో ఉన్నది, చూచినవారు లేరు. ఒళ్లు ఒక పక్కకు వాల్చి ఎండ కాచుకొంటున్నది. మెడ ఎర్రగా చేసి, ముందుకాళ్ల మీద లేస్తూ దిగుతూ దండేలు తీస్తున్నది. తాత చూచాడు. మరునాడూ చూచాడు. నాలుగవ నాడు, "ఇది మగది. మెడ ఎర్రగ చేసేది ఆడదాని కోసము" అని మనుమడికి పాఠం చెప్పాడు.

వానలు పడ్డాక ఆడతొండ వచ్చి మెత్తని మట్టిలో గుంట తీసి గ్రుడ్లు పెట్టి, మట్టి కప్పి, తలతో అదిమి పోయింది. ఆ చోట ఎవరూ తొక్కకుండా తాత నాలుగు పుల్లలు పాతాడు. రాత్రిళ్లు దీపం తీసుకొని పోయి చూస్తే తొండ కొమ్మను కరచుకొని, రంగు పాలిపోయి నిద్రపోతూ ఉంటుందని మా ఇంటిల్లిపాదికీ ఆయన చెబితేనే తెలిసింది. వసారాలో దీపం దగ్గర రెండు బల్లులున్నాయి. ఏది ఏ గోడదో ఆయనకు తెలుసు. రాళ్ల సందున మెరిసే నలికిరి ఎన్ని గంటలకు బయటికి వస్తుందో తెలుసు. ఒక్కదానికీ మేత వేయనక్కరలేదు. ఒక్కదానినీ పెట్టెలో పెట్టనక్కరలేదు. తాబేలు ఇచ్చినది ఏదో అది పోలేదు. ఆ వేళకు లేవడమూ, ఎండలో కూర్చోవడమూ, తనది కాని ఒక ప్రాణిని శ్రద్ధగా చూడడమూ, చూచినది మరొకరికి చెప్పడమూ మిగిలాయి. మేలు చేసినవి అవే కాబోలునని ఇప్పుడు మాకు తోస్తున్నది.

భయం పోతే

ఇక పాముల మాట. పాకే జీవి అనగానే మనకు మనసులో మెదిలేది పామే. ఆ భయం ఊరికే పుట్టినది కాదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటువల్ల సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. వారిలో ఎక్కువమంది పల్లెలవారే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగూ ఎక్కువ ప్రాణాలు తీసేవి. కాటు పడితే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం ఏదీ చేయక, కదలకుండా పడుకోబెట్టి, విషపు విరుగుడు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చడమే మార్గం. ఆ విరుగుడు మందుకు కావలసిన విషాన్ని పాములను చంపకుండా తీసి ఇస్తున్నవారు చెన్నై దగ్గర వడనెమ్మేలిలో 1978 లో సహకార సంఘం పెట్టుకొన్న ఇరుళవారు. వారిలో ఇద్దరికి, వడివేల్ గోపాల్, మాసి సడయన్ గార్లకు, 2023 లో పద్మశ్రీ బిరుదు వచ్చింది.

జాగ్రత్త వేరు, భయం వేరు. 1969 లో అమెరికాలో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పామంటే వణికిపోయేవారికి చికిత్స చేసి చూచారు. ముందు మరొకరు విషం లేని పామును నెమ్మదిగా పట్టుకోవడం చూపించి, తరువాత చేయి పట్టి ఒక్కొక్క అడుగు వేయించారు. చాలామందికి ఆ భయం పోయింది. విశేషమేమంటే, పాముభయం పోయినవారికి జీవితంలో ఇతర భయాలు కూడా పలచబడినట్లు కనిపించింది. ఒక భయాన్ని జయించిన మనసుకు ఇంకొకదానిని ఎదుర్కొనే ధైర్యం వస్తుందన్నమాట. దీనిని చదివి ఎవరూ పామును చేతితో పట్టబోరాదని మా ప్రార్థన. అది శిక్షణ గలవారి పని. మనము చేయదగినది ఏమంటే, రాగిచేనిలో ఎలుకలను తినిపెట్టే జెర్రిపోతును కట్టెతో కొట్టకుండా దోవ ఇవ్వడం. నాగులచవితి నాడు పుట్టకు మొక్కి, మరునాడు అదే పుట్టలోని పామును చంపడం ఏమి భక్తి? పాము పాలు త్రాగే జీవి కాదు. పుట్టలో పాలు పోయడంకంటె పుట్టను తవ్వకుండా ఉంచడమే దానికి నైవేద్యం.

పెంచదలచినవారికి

ఇంత చెప్పినా, పెంచి తీరాలనే ఉత్సాహం గలవారు కొందరు ఉంటారు. వారికి నాలుగు మాటలు. మన దేశపు అడవి జీవి ఏదైనా సరే, వద్దు. విదేశీ జీవి అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలో ఉన్నదైతే, 2024 లో వచ్చిన నియమాల ప్రకారం ప్రభుత్వంవారి పరివేష్ అనే వేదికలో నమోదు చేయించాలి. అంగళ్లలో అమ్మే ఎర్రచెవి తాబేలుపిల్ల అరచేతిలో పట్టేటంతే ఉంటుంది గాని, ఇరవై ముప్పై ఏళ్లు బ్రతికి పళ్లెమంత అవుతుంది. విసుగుపుట్టి చెరువులో వదిలితే అక్కడి మన తాబేళ్ల కూటిని, చోటును లాక్కొంటుంది. ఆరోగ్యంగా కనిపించే పాకే జీవుల ఒంటిమీద కూడా సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చును. అందువల్ల వాంతులు, విరేచనాలు పట్టుకొంటాయి. అమెరికాలో పసిపిల్లలకు ఈ జబ్బు అంటుతున్నదని 1975 లోనే చిన్న తాబేళ్ల అమ్మకం నిషేధించారు. ముట్టుకొంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట ఇవి లేకపోవడమే మేలు.

వీటికంటె తేలికైన దోవ మనకు పుట్టుకతోనే ఉన్నది. మనది కాంక్రీటు ఊరు కాదు. ఇంకా కంచెలున్నవి, రాతిగుట్టలున్నవి, రావి వేప కలిసిన కట్టల మీద నాగశిలలున్నవి. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల అడవులలో 686 చదరపు కిలోమీటర్లను 2022 నవంబరులో కావేరి దక్షిణ వన్యప్రాణి సంరక్షణాలయంగా ప్రకటించారు. మొసళ్లు, అరుదైన మెత్తడిప్ప తాబేళ్లు అక్కడ ఉన్నవి. అంత దూరం పోలేనివారికి పెరటి గోడ చాలు. ఇంట్లో ఎవరైనా మాట తగ్గించి, కంచం ముందు గోడను చూస్తూ కూర్చొంటే, వైద్యునికి చూపించండి. దానితోపాటు, ఉదయం వేళ వారిని ఎండలోకి తెచ్చి ఒక ముక్కాలిపీట వేయండి. పక్కన ఒక పిల్లవానిని కూర్చోబెట్టండి. కంచె మీదికి తొండ తానే వస్తుంది.

మొన్న మా పెరటిలో తాత పుల్లలు పాతిన చోట మట్టి కదిలింది. అగ్గిపుల్లంత పిల్లతొండలు ఒకటొకటిగా పైకి వచ్చి కంచెలోకి పరుగెత్తాయి. మనుమడు పదకొండు లెక్కపెట్టాడు. తాత పన్నెండు అన్నాడు. ఆ ఒక్కటి ఎవరిది తప్పో ఇంకా తేలలేదు. రోజూ భోజనాల దగ్గర వాదన జరుగుతూనే ఉన్నది.